రెండు జింకులు

ఏలూరు

చిరంజీవి సుజాతకు,

నీ ఉత్తరమూ సెమినార్ కాగితాలూ అందాయి. వెంకట్రామన్నగూడెంలో బెండ పల్లాకు వైరస్ మీద పని దొరికిందని మీ నాన్న ఫోన్లో చెప్పినప్పుడే సంతోషించాను. కాగితాల్లో చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. వైరస్ ప్రోటీనుకు జింకు కావాలి కాబట్టి పైరుకు జింకు తగ్గిస్తే తెగులూ తగ్గుతుందని రాశావు. వచ్చే నెల రైతు సదస్సులోనూ ఇదే చెబుతానంటున్నావు. ఆ వాక్యం కొట్టెయ్యమ్మా.

ముందు నీ శాస్త్రంలోంచే మాట్లాడతాను. నీ బెండ వైరస్ కుటుంబానిదే, మినుముకూ సోకే పెసర పల్లాకు వైరస్‌లోని ఏసీ2 ప్రోటీను మీద 2005లో బాసెల్, మదురై శాస్త్రవేత్తలు కలిసి అచ్చువేసిన పేపరు నువ్వు చదివే ఉంటావు. రెండు డీఎన్‌ఏ వలయాలు, ఒక్కోదాంట్లో సుమారు 2,700 అక్షరాలు, అంతే ఆ వైరస్ ఆస్తి. అందులో ఇంత చిన్న ప్రోటీను చేసే పెత్తనం చూడు. కణకేంద్రకంలో దూరి వైరస్ జన్యువుల్ని లేపుతుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసి పడేసే మొక్క సొంత రక్షణను నిద్రపుచ్చుతుంది. జింకును పట్టుకునే భాగాన్ని, అంటే జింకు వేలిని, వాళ్లు మార్చి చూస్తే రక్షణను నిద్రపుచ్చే పని పోయింది. గొడుగు ఊచలన్నిటినీ గుచ్చి పట్టే తీగెలాంటిది ఆ జింకు. తీగె ఊడితే గుడ్డ ఉంటుంది, ఊచలుంటాయి, గొడుగు తెరుచుకోదు.

అయితే వాళ్లు మార్చింది ప్రోటీన్ని. మొక్కకు అందే జింకును కాదు. రక్షణ సంగతి పరీక్షించింది కూడా మినుములో కాదు, పొగాకు జాతి మొక్కలో. మొక్క సొంత ప్రోటీన్లు వందలకొద్దీ జింకు మీదే ఆధారపడి ఉన్నాయి. జింకు అందకుండా మాడిస్తే వైరస్ కంటే ముందు మినుమే మాడుతుంది.

పోనీ, ఎక్కువేస్తే? అదే అసలు ప్రమాదం. నువ్వు సదస్సులో జింకు, వైరస్ అనే రెండు మాటలు కలిపి పలికితే చాలు, సాయంత్రానికల్లా మందుల కొట్లో ఏదో ఒక సూక్ష్మపోషకాల డబ్బాకు వైరస్ మందని పేరొస్తుంది. నువ్వు తగ్గించమన్నావో పెంచమన్నావో ఎవడూ అడగడు.

మన ఊరు కృష్ణా కాలువా గోదావరి కాలువా కలిసే చోటు కదా. గోదావరి నీళ్ల కింద దాళ్వా వరి. కృష్ణా కాలువ కింద సార్వా కోతకు రెండు మూడు రోజుల ముందే, తడి ఆరకుండా, నిలబడ్డ వరిలో మినుము చల్లేస్తారు. దుక్కి లేదు, దుక్కిలో వేసే ఎరువూ లేదు. అందుకని జింకు లోపం కనపడితే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ ఆకుల మీద కొట్టుకోవడం సబబే. అది లోపానికి మందు. వైరస్‌కు కాదు.

జింకు లోపపు పసుపునూ పల్లాకు పసుపునూ చేలోనే విడదీయడం నేర్చుకో. లోపమైతే మడిలో ఒక చెక్క మొత్తం పాలిపోతుంది, ఈనెకు అటూ ఇటూ ఒకే తీరుగా ఉంటుంది. పల్లాకైతే పక్క మొక్క పచ్చగా ఉండగానే ఒక మొక్క మెరిసే పసుపుకు తిరుగుతుంది. లేత ఆకు మీద పచ్చా పసుపూ ఒక తీరు లేకుండా కలిసి ఉంటాయి. ముదిరితే కాయా పసుపే, గింజలూ తక్కువే. ఆకు తిరగేస్తే అడుగున దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ.

వై.ఎల్. నెనె గారి పేరు విన్నావా? వరిలో ఖైరా తెగులుకు కారణం జింకు లోపమని 1966లో పంత్‌నగర్ నుంచి రాసింది ఆయనే. అపరాల వైరస్ తెగుళ్ల మీద ఉత్తరప్రదేశ్‌లో సర్వే చేసిందీ ఆయనే. తర్వాత పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు వచ్చారు. చదువుకున్నది మొక్కల తెగుళ్ల శాస్త్రం, అయినా ఖైరా దగ్గర క్రిమి కోసం పట్టుబట్టలేదు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

2000 ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగ సంగతీ గుర్తుపెట్టుకో. కాండం కుళ్లు వైరస్ సుమారు 2.25 లక్షల హెక్టార్లను తాకింది, నష్టం 300 కోట్లు దాటిందని అంచనా. ఆ జాతి వైరస్‌ల పైతొడుగు ప్రోటీనులోనూ జింకు పట్టు ఉంది. కానీ రైతుకు అక్కరకొచ్చింది వయ్యారిభామ కబురు. ఆ కలుపు పైకి ఏ జబ్బూ కనపడకుండా వైరస్‌ను దాచుకుంటుంది, దాని పుప్పొడిని తామర పురుగులు పైరు మీదకు మోస్తాయి. గట్ల మీద దాన్ని పీకెయ్యమన్నారు, చుట్టూ నాలుగు వరసల జొన్నో సజ్జో వెయ్యమన్నారు.

సదస్సులో నువ్వూ అలాగే మాట్లాడు. మినుములో టీబీజీ 104, ఎల్‌బీజీ 787 లాంటి తట్టుకునే రకాలు, కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ పట్టించడం, మొదట కనపడ్డ మొక్కల్ని మొహమాటం లేకుండా పీకెయ్యడం, పసుపు జిగురు అట్టలు. ఏసీ2 మీద నీ పని ఆపమనడం లేదు. ఆ జింకు వేలిని మొండి చేసే ఉపాయం ఎప్పటికైనా మీ ల్యాబుల్లోంచే రావాలి. వచ్చినప్పుడు దాన్ని విత్తనంలో పెట్టి ఇవ్వండి, డబ్బాలో కాదు.

సంక్రాంతికి వస్తావుగా, కైకలూరు వైపు మినుము చేలకు వెళ్దాం. భూతద్దం తెచ్చుకో. పొద్దున్నే బయల్దేరాలి సుమా, ఎండెక్కితే తెల్లదోమ ఆకు కదపగానే లేచిపోతుంది, నీకు లెక్క కుదరదు.

నీ పెదనాన్న