ఎత్తును తవ్వాలి, పల్లాన్ని పూడ్చకూడదు



నేలమీద నిలబెట్టే స్విమ్మింగ్ పూల్‌కు వేరే పునాది ఉండదు. కింద ఉన్న నేలే దాని పునాది. 12 అడుగుల వెడల్పున్న గుండ్రటి పూల్‌లో 3 అడుగుల ఎత్తు నీళ్లు నింపితే దాదాపు 9,600 లీటర్లు, అంటే తొమ్మిదిన్నర టన్నుల పైమాటే. నేల వాలుగా ఉన్నా నీటి పైమట్టం వాలదు కాబట్టి పల్లం వైపు లోతు పెరుగుతుంది. గోడమీద పడే తోపుడు ఆ లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వాలు 4 అంగుళాలుంటే పల్లం వైపు గోడ ఎదుటి గోడకన్నా దాదాపు నాలుగో వంతు ఎక్కువ బరువు కాయాలి. అతుకులు విడిపోయేదీ, ఫ్రేము కాళ్లు వంగేదీ అక్కడే. ఈ కొస నుంచి ఆ కొసకు తేడా ఒక అంగుళం దాటకూడదు.

మా బాలాపూర్, ఇబ్రహీంపట్నం వైపు మెట్టభూములు చాలావరకు ఎర్రచెల్కలే. కొంచెం తవ్వితే మొరం, ఆ కింద రాయి తగులుతాయి. ఈ నేల బరువును బాగా మోస్తుంది. చెరువుల కింది పల్లపు పొలాల్లో తగిలే బంకమట్టి అలా కాదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అలాంటి చోట పై మట్టి తీసేసి మొరం పరిస్తే తప్ప పూల్ పెట్టకూడదు. సగం బండ మీద, సగం మెత్తటి మట్టి మీద వచ్చే జాగా అంతకన్నా చెడ్డది. దాన్ని సరిచేయడంకన్నా జాగా మార్చుకోవడం నయం.

ఎత్తు వైపు తవ్వడానికి కూలీ ఎక్కువవుతుందని, పల్లంలో రెండు ట్రాక్టర్ల మట్టి పోస్తే సరిపోతుందని చాలామంది మేస్త్రీలు చెబుతారు. ఆ మాట వినకూడదు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట లాంటి మట్టికట్టలు నిలవాలంటే మట్టిని పొరపొరగా పోసి తొక్కించాలి, ఆపైన ఏళ్ల తరబడి అది కుదురుకోవాలి. నిన్న పోసిన మట్టికి ఆ బలం రాదు. మొదటి వానకే ఆ వైపు దిగిపోతుంది. అందుకే అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు గుర్తు పెట్టుకుని, మిగతా నేలంతా ఆ మట్టానికి దించాలి.

నడుమ మేకు పాతి, 7 అడుగుల తాడుతో గీత గీస్తే పూల్ చుట్టూ ఒక అడుగు అదనంగా వస్తుంది. గీత వెంబడి మేకులు పాతి, లెవల్ పైపుతో మట్టం చూడాలి. పారదర్శకమైన పైపులో నీళ్లు పోశాక గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు, బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది. చిన్న రసమట్టంతో అంత వెడల్పు కొలిస్తే తప్పు చివరికి పెరిగి పెద్దదవుతుంది. తవ్వేటప్పుడు గడ్డిని పైపైన చెక్కితే చాలదు. తుంగగడ్డ ఒక్కటి మిగిలినా, దాని మొలక సూదిలా లేచి పూల్ అడుగు షీటును పొడుస్తుంది. మట్టి జల్లించి గడ్డలు ఏరేయాలి, గులకరాళ్లూ ఏరేయాలి.

తవ్విన నేలను తడిపి దిమ్మిసతో కొట్టాక, ఒకటి రెండు అంగుళాల మందాన సన్నటి రాతిపొడి (డస్ట్) పరవాలి. నడి మేకుకు వంకర లేని చెక్కపలక ఒక కొస బిగించి, పలక మట్టంగా ఉందో లేదో చూసుకుంటూ గుండ్రంగా తిప్పితే డస్ట్ సమంగా పరుచుకుంటుంది. ఆ మేకు పీకి గుంత పూడ్చడం మరవకూడదు. ఫ్రేము కాళ్లున్న పూల్ అయితే ప్రతి కాలు కిందా అడుగు చదరపు తాండూరు బండ ముక్కను నేలమట్టానికి పొదగాలి, లేకపోతే కాళ్లు దిగబడతాయి. తవ్విన ఎత్తు వైపు అంచు వెంట చిన్న కాలువ తీస్తే వాన నీరు పూల్ కిందికి చేరకుండా పక్కకు పోతుంది.

అసలు పరీక్ష నీళ్లదే. ముందు రెండు అంగుళాలే నింపి, గోడ వెంట నాలుగు వైపులా లోతు కొలవాలి. తేడా అంగుళం దాటితే నీళ్లు తోడేసి నేల మళ్లీ సరిచేయాలి. నిండిన పూల్ కింద దిద్దుబాటు కుదరదు. కొలత సరిపోయాక నింపవచ్చు. మొదటి పెద్ద వాన తర్వాత గోడ మీది నీటిగీత అన్ని వైపులా ఒకే ఎత్తులో ఉందో లేదో ఇంకోసారి కొలవాలి.