అద్దె గది – విద్యార్థి ఆరోగ్యం

రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాలకు, 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో హాస్టల్ సీటు దొరకనివారు అద్దె గదుల్లో ఉంటున్నారు. ఫీజుకు సాయం చేసే మనం ఆ గదినీ చూడాలి.

గాలాడని గదిలో గోడలకు చెమ్మపట్టి బూజు పెరుగుతుంది. ఉబ్బసం ఉన్నవారికి అది ముదురుతుంది. నలుగురైదుగురు ఇరుకుగా పడుకుంటే ఒకరి క్షయ మరొకరికి సోకవచ్చు. మూతలేని నీళ్ల డ్రమ్ములో డెంగీ దోమ వారం పది రోజుల్లో తయారవుతుంది.

మన కోస్తావంటి ఉక్క ప్రాంతాల్లో కిటికీలు గది నేలలో ఆరోవంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. పదడుగుల చదరపు గదికి అది సుమారు 17 చదరపు అడుగులు.

దాతలకు మా మనవి: అద్దె సాయం ఇచ్చేముందు టేపుతో గది కొలిచి చూద్దాం. గదులు అద్దెకిచ్చేవారు కిటికీకి దోమతెర, డ్రమ్ముకు మూత పెట్టించండి. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వాసుపత్రిలో కఫ పరీక్ష ఉచితం. బిడ్డ మంచాన పడితే కట్టిన ఫీజు చదువుగా మారదు.