ముందు ఆపడం నేర్చుకో

బుజ్జీ,

నీ ఉత్తరం అందింది. రెండు దారాల గాలిపటం చేతికి లొంగిందనీ, ఇక ఆక్సెల్, ఫేడ్ లాంటి విన్యాసాలు నేర్చుకోవాలనుందనీ రాశావు. నాలుగు దారాలది కూడా కొనమంటావా అని అడిగావు. నేర్చుకో తల్లీ, తప్పకుండా నేర్చుకో. కాకపోతే ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోకుండా అన్నిటి మీదా పడితే పుల్లలు విరుగుతాయి, దాంతోపాటే ఓపికా పోతుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఇప్పటిదాకా నువ్వు చేసిందంతా లాగుడే. కుడి దారం లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకి. దారాలు బిగువుగా ఉన్నంతసేపూ పటం నీ మాట వింటుంది. నువ్వు నేర్చుకోవాలనుకుంటున్నవన్నీ ఆ బిగువు సడలించినప్పుడు జరిగేవి. ఇది నీకు బొత్తిగా తెలియని సంగతేం కాదు. సంక్రాంతికి మీ నాన్న డాబా మీద ఎగరేసే పతంగి ఏం చేస్తుంది? లాగితే ముక్కు ఎటుంటే అటు దూసుకెళ్తుంది. దారం వదిలి ఢీల్ ఇస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ముక్కు తనక్కావలసిన వైపుకి రాగానే ఆయన మళ్ళీ చటుక్కున లాగుతాడు. ఒంటి దారంతో ఆయన చేసేదే నువ్విప్పుడు రెండు దారాలతో చెయ్యాలి.

లాగి నడపడమైతే పాత విద్యే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పాల్ గార్బర్ అనే ఆయన అమెరికా నౌకాదళం కోసం రెండు దారాల పటం తయారుచేశాడు. దాని మీద శత్రువిమానం బొమ్మ వేసి గాల్లో అటూ ఇటూ మెలికలు తిప్పుతుంటే గన్నర్లు గురి చూసి కాల్చడం నేర్చుకునేవారు. 1970లలో ఇంగ్లండ్‌లో పీటర్ పావెల్ చేసిన పటాలతో అది జనం ఆటయింది. కార్బన్ పుల్లలు, రిప్‌స్టాప్ గుడ్డ, అంతగా సాగని స్పెక్ట్రా దారం వచ్చి పటం బాగా తేలికయ్యాక, దారం వదులు చేసినా అది రాయిలా పడిపోకుండా గాల్లో తేలసాగింది. నువ్వు మనసుపడ్డ విన్యాసాలకి అప్పుడే చోటు దొరికింది.

కాబట్టి మొదట స్టాల్ నేర్చుకో. అంటే పటాన్ని గాల్లో నిలబెట్టడం. పటాన్ని ఎడమ నుంచి కుడికి అడ్డంగా, ఓ మోస్తరు ఎత్తులో పోనివ్వు. ఎదురుగా నడిమధ్య గాలి పటాన్ని గట్టిగా లాగుతుంది, అక్కడ తొందరపడకు. మధ్య దాటి లాగుడు తగ్గాక కుడి చెయ్యి చటుక్కున ముందుకి తొయ్యి. ముక్కు పైకి తిరుగుతుంది. తిరిగీ తిరగ్గానే రెండు చేతులూ సమానం చేసి, పటం వైపు ఒక అడుగు వెయ్యి. పటం ముక్కు పైకెత్తి అలా ఆగిపోతుంది. ఆలస్యం చేస్తే పైకి పాకుతుంది, ఎక్కువ వదిలితే ఒక రెక్క ఒరుగుతుంది. అటునుంచి వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి. రెండు వైపులా సమానంగా వచ్చేదాకా ఇదొక్కటే చెయ్యి. మనకి వాటమైన వైపే మళ్ళీ మళ్ళీ చేస్తే రెండో చెయ్యి ఎప్పటికీ మొండిగానే ఉండిపోతుంది.

స్టాల్ కుదిరితే ఆక్సెల్ సగం వచ్చినట్టే. ఆగిన పటం ఒక పక్కకి ఒరగబోతుండగా ఒక మణికట్టుతో టక్కున ఒక్క కుదుపు ఇవ్వాలి, ఆ వెంటనే రెండు చేతులూ ముందుకి చాపెయ్యాలి. పటం నేలకి బల్లపరుపుగా వాలి ఒక చుట్టు తిరుగుతుంది. అందరూ కుదుపు మీదే దృష్టి పెడతారు. అసలు పని దాని తర్వాత వదలడంలో ఉంది. చాలినంత వదులు లేకపోతే తిరిగే రెక్క కొసకి దారం చుట్టుకుంటుంది. అప్పుడు కంగారుపడి లాగావో, పుల్ల ఫట్‌మంటుంది. రెండడుగులు ముందుకి నడిచి, పటాన్ని నెమ్మదిగా దిగనిచ్చి, వెళ్ళి విప్పుకో. ఫేడ్‌లో పటం వెల్లకిలా పడుకుని, ముక్కు నీ వైపు పెట్టి తేలుతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో నిలపడం అంత కష్టం. దాన్ని ఆక్సెల్ తర్వాతే పెట్టుకో.

పటం మాట వినకపోతే చేతుల్ని తిట్టుకునే ముందు దారాలు చూడు. రెండిటినీ ఒకే మేకుకి తగిలించి, సాగదీసి, పిడులు పక్కపక్కన పెట్టి చూడు. రెండు వేళ్ళ మందం తేడా ఉన్నా పటం ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. కొత్త దారం వాడేకొద్దీ కాస్త సాగుతుంది కాబట్టి మొదట్లో తరచుగా చూసుకోవాలి. పటానికి కట్టిన సూత్రం ముడి జరపాలనిపిస్తే అసలు చోటు పెన్నుతో గుర్తుపెట్టుకో, ఒకసారికి అర సెంటీమీటరు మించి జరపకు.

ఇక గాలి సంగతి. ఆకులు, సన్నకొమ్మలు ఆగకుండా కదులుతూ, జెండా విప్పుకుని ఎగురుతుంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి ఉన్నట్టు. నేర్చుకోవడానికి అది చాలు. దుమ్మూ కాగితాలూ లేస్తుంటే ఆ రోజుకి కొత్తవి వద్దు. మీ విశాఖలో ఇంకో చిక్కుంది. మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి నేరుగా ఒడ్డుకి కొడితే, నువ్వు నీళ్ళ అంచున నిలబడ్డా పటం రోడ్డు వైపుకే పోతుంది. ఇరవై అయిదు మీటర్ల దారమంటే కింద నడిచేవాళ్ళకీ బళ్ళవాళ్ళకీ ప్రమాదం, బిగిసిన స్పెక్ట్రా చర్మాన్ని కోసేస్తుంది. నైరుతి గాలి తీరం వెంబడి వీచే రోజు చూసుకుని, జనం పలచగా ఉన్న ఇసకకి వెళ్ళు. భవనాల చాటున గాలి సుడి తిరుగుతుంది, అక్కడొద్దు. కరెంటు తీగలు, విమానాలు దిగే దారి, ఉరుములున్న మబ్బు కనిపిస్తే పటం సంచిలోంచి తియ్యనే తియ్యకు. సంక్రాంతి రోజుల్లో మాంజాల మధ్యకి ఈ పటం తీసుకెళ్ళకు. స్పెక్ట్రా ఎంత గట్టిదైనా వేడికి ఓర్చుకోదు, ఆ నూలు దారం జోరుగా రాసుకుంటే కరిగి తెగుతుంది.

నాలుగు దారాలది ఇప్పుడే కొనకు. 1980ల చివర్లో శాన్ డియాగోకి చెందిన హాడ్జికీ సోదరులు రెవల్యూషన్ అని తెచ్చిన ఆ పటం జాతే వేరు. పై దారాలు బిగిస్తే ముందుకి, కింది దారాలు బిగిస్తే వెనక్కి పోతుంది. తలకిందులుగా కూడా కదలకుండా నిలబడుతుంది. దాన్ని మణికట్లతో నడపాలి. లాగుడు అలవాటున్న చేతులు దాన్ని ఒక్కచోట ఉండనివ్వవు. ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో లాంగ్ బీచ్ అనే ఊళ్ళో ఏటా ఆగస్టులో వారంపాటు గాలిపటాల పండగ జరుగుతుంది. నువ్వొచ్చినప్పుడు తీసుకెళ్తాను. నాది ఎగరేసి చూసి, నచ్చితే అప్పుడు కొనుక్కుందువు.

అందాకా నీకో పని. గాల్లో ఒక చతురస్రం గియ్యి. గీతలు తిన్నగా ఉండాలి. అడ్డగీతల చివర, కుడి మూలలోనూ ఎడమ మూలలోనూ పటాన్ని ఆపి, నువ్వు మనసులో ఒకటి రెండు అనుకున్నాక మళ్ళీ కదిలించాలి. అది రెండు వైపులా సాఫీగా వచ్చిన రోజున ఆక్సెల్ మొదలుపెట్టు. రాకపోతే ఏ మూలలో తప్పుతోందో, అప్పుడు ఏ చెయ్యి ఎక్కడుందో రాయి. ఆలోచించి జవాబిస్తాను.

అక్కకీ బావకీ నా నమస్కారాలు.

నీ
మావయ్య