మీ పిల్లల్ని ముందు గుంపులో పాడనివ్వండి

"గొంతు బాగుందండీ, కృష్ణానగర్‌లో ఒక రూము చూసిపెడితే ఏడాదిలో సింగర్ అయిపోతాడు." ఇంటర్ పరీక్షలు ముగిశాక ఈ మాటతో వచ్చే తల్లిదండ్రులు ఏటా కనిపిస్తూనే ఉంటారు. ఏదీ ఒకటి పాడమంటే పిల్లవాడు సినిమా పాట పల్లవి అందుకుంటాడు. నలుగురితో కలిసి ఎప్పుడైనా పాడావా అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. తండ్రికి ఆ ప్రశ్నే నామోషీగా ఉంటుంది. "కోరస్సా? మావాడు సోలో అండీ."

ఈ సోలో పిచ్చి మీదే నా కోపమంతా.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ యూసఫ్‌గూడ. దిగి కాస్త నడిస్తే కృష్ణానగర్. ఎక్కిన చోట జావా, పైథాన్ బోర్డులు, దిగిన చోట యాక్టింగ్, డబ్బింగ్, సింగింగ్ బోర్డులు. సాఫ్ట్‌వేర్ కోచింగ్ చివర కనీసం ఒక ఇంటర్వ్యూ ఉంటుంది. పోతే ఆ రోజే తెలిసిపోతుంది. ఇక్కడ మాత్రం నువ్వు పనికిరావని చెప్పే నాథుడుండడు. "పిలుస్తాం" అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని పిల్లలు ఏళ్లకేళ్లు అద్దెలు కట్టుకుంటూ కూర్చుంటారు.

సారథి, అన్నపూర్ణ స్టూడియోలు అందుబాటులో ఉండబట్టి సినిమా పనివాళ్లు ఈ సందుల్లో స్థిరపడ్డారు. ఒళ్లు వంచి బతుకుతున్నవాళ్లు, వాళ్లను నేనేమీ అనను. వాళ్ల మధ్య ఒక గది తీసుకుని ఆశల మీద వ్యాపారం చేసేవాళ్లతోనే పేచీ. ఒకడు మ్యూజిక్ డైరెక్టర్ దగ్గర ట్రాక్ పాడిస్తానని అడ్వాన్సు అడుగుతాడు. ట్రాక్ అంటే పెద్ద గాయకుడు వచ్చి పాడేదాకా నమూనాగా ఉంచుకునే గొంతు. అది సినిమాలో వినపడకపోవచ్చని ముందు చెప్పడు. ఇంకొకడు కవర్ సాంగ్ చేద్దామంటాడు. రికార్డింగుకు ఇంత, మిక్సింగుకు ఇంత, వీడియోకు ఇంత అని లెక్క పెరుగుతుంది. చివరికి దాన్ని చూసేది మేనమామలూ పిన్నమ్మలే. మూడోవాడు టీవీ షో ఆడిషన్‌కు క్రాష్ కోర్సు అమ్ముతాడు. అందులో నేర్పేది ఒక పాట, నాలుగు హావభావాలు. గుర్తుంచుకోవలసింది ఒకటే: పాడించుకునేవాడు డబ్బివ్వాలి. పాడేవాణ్ణే డబ్బడిగితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

కోరస్ అంటే చిన్నచూపు చూసేవాళ్లకు ఘంటసాల సంగతి గుర్తు చేస్తుంటాను. ఇంటింటా మధూకరం ఎత్తుకుని విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి. మద్రాసు వెళ్లాక 'సీతారామ జననం' (1944)లో దొరికింది చిన్న వేషం, కోరస్. ఆయన కోరస్ ఎందుకని వెనక్కి వచ్చేసి ఉంటే మనకు ఏం మిగిలేదో ఆలోచించుకోవచ్చు. అప్పటి కోరస్‌కూ ఇప్పటిదానికీ తేడా ఉందన్నదీ నిజమే. ఇవాళ నలుగురు పాడిన గొంతుల్నే పొరలు పొరలుగా రికార్డు చేసి నలభైమంది పాడినట్టు వినిపిస్తున్నారు. కంప్యూటర్లో రెడీమేడ్ కోరస్ శాంపిల్స్ దొరుకుతున్నాయి. ఆ నాలుగు చోట్లకు ఎవర్ని పిలుస్తారు? ఒకసారి వినగానే పట్టుకుని, పక్కవాడి గొంతుతో కలిసిపోయి, రెండో టేకు అడగనివాణ్ణి. ఆ పని సోలో క్లాసుల్లో రాదు.

అది వచ్చే చోటు యూనివర్సిటీ ఛాంబర్ క్వయర్. పన్నెండు మంది నుంచి ముప్పై, నలభై మంది వరకు ఉండే చిన్న బృందం. సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్ అని గొంతుల్ని విడదీసి, ఒక్కో వరసకు కొద్దిమందినే పెడతారు. మనిషి తక్కువ కాబట్టి తప్పు దాక్కోదు. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు, స్వరం తెగకుండా ఒకరి తర్వాత ఒకరు తీసుకోవాలి. ఎవరి గొంతూ విడిగా పైకి తేలకూడదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకు శ్రుతి, తాళం ముందే వచ్చి ఉంటాయి కాబట్టి సగం పని అయినట్టే. కానీ మన బృందగానంలో అందరూ పాడేది ఒకే స్వరం. పక్కమ్మాయి గాంధారం మీద ఉంటే తను పంచమం మీద నిలబడటం మొదటి నెలంతా నరకమే. సికింద్రాబాద్ చర్చి క్వయర్లలో పెరిగిన పిల్లలకు ఇది చిన్నప్పుడే అబ్బుతుంది. ఆ చర్చిల్లో నాలుగు వరసల పాట వినని సంగీతం మాస్టార్లు ఒక క్రిస్మస్‌కు వెళ్లి వింటే బాగుంటుంది.

మన యూనివర్సిటీల్లో నిలకడగా నడిచే క్వయర్లు అరుదు. అయితే దానికి దగ్గరి దారి ఒకటి చాలా కాలంగా ఉంది. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం యువజనోత్సవాల్లో బృందగానం పోటీ, పాశ్చాత్య బృందగానం పోటీ వేర్వేరుగా పెడతారు. పాడేవాళ్లు ఆరుగురికి మించకూడదు. భారతీయ బృందగానంలో సినిమా పాట కుదరదు. ఆరుగురు, సినిమా పాట లేకుండా! కృష్ణానగర్ కోచింగులు నేర్పేదానికి ఇది పూర్తిగా తలకిందులు, అందుకే నాకు ఈ పోటీ ఇష్టం.

షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్ 2010లో 'ఇండియాస్ గాట్ టాలెంట్' గెలిచినప్పుడు మన ఇళ్లలోనూ చప్పట్లు కొట్టారు. నీల్ నాంగ్‌కిన్రి దాన్ని మొదలుపెట్టింది 2001లో. మధ్యలోని తొమ్మిదేళ్లు టీవీలో రాలేదు కదా, తల్లిదండ్రులకు అవి కనపడవు. మనకు మరీ దగ్గరి మనిషి ఎం.బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టి, మలయాళ సినిమాలకు సంగీతమిచ్చి, మద్రాసు యూత్ క్వయర్‌ను నిలబెట్టాడు. పేరు మోసిన సినిమా సంగీత దర్శకుడు అన్నేళ్లు మామూలు కుర్రకారుకు, బడిపిల్లలకు కలిసి పాడటం నేర్పుతూ గడిపాడు. ఆయన్ను కన్న తెలుగు నేల మీద ఆ పేరు ఎంతమందికి తెలుసో!

పిల్లల గొంతు గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. ఆ రోజుల్లో పై స్థాయి అందదు, ఉన్నట్టుండి బొంగురుపోతుంది. సరిగ్గా అప్పుడే ఆడిషన్ ఉందని రోజూ గంటల తరబడి అరిపించే తండ్రులున్నారు. గొంతు ఆ ఇంటి ఆస్తి అయినట్టు మాట్లాడతారు. క్వయర్లో అయితే ఆ కుర్రాణ్ణి కింది వరసకు మారుస్తారు, లేదా కొన్నాళ్లు మెల్లగా పాడమంటారు. ఎవరూ చిన్నబుచ్చరు.

ఏ డిగ్రీ చదువుతున్నా యూనివర్సిటీ బృందంలో చేరవచ్చు. చదువే సంగీతం కావాలంటే తెలుగు విశ్వవిద్యాలయం, రాంకోటి త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాల ఉన్నాయి. నా ఓటు మాత్రం ఏదో ఒక మామూలు డిగ్రీకి, దానితోపాటు పాటకు. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజ్ క్వయర్‌లో టెనార్, బేస్ వరసలు పాడేది విద్యార్థులే, వాళ్లంతా సంగీతం చదివేవాళ్లు కారు. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లే మన పిల్లలకు కూడా చాలా యూనివర్సిటీల్లో క్వయర్ ఆడిషన్ తలుపు తెరిచే ఉంటుంది. ఇచ్చిన కాగితం చూసి అప్పటికప్పుడు పాడమంటారు కాబట్టి, వెళ్లేముందు ఏడాదిపాటు స్టాఫ్ నొటేషన్ నేర్చుకోవాలి. ఫీజు కట్టాలంటే దానికి కట్టండి. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం గ్రేడ్ పరీక్షలు మంచివే. అయితే ఎనిమిది గ్రేడ్లూ రెండేళ్లలో పూర్తి చేయిస్తామనే చోట చేరకండి. అది ఎంసెట్ బుద్ధి.

"ఇంతకీ జీతం ఎంత?" అని అడుగుతారు. తెలుగు రాష్ట్రాల్లో క్వయర్‌లో పాడినందుకు జీతం రాదు, ఆ ఆశ పెట్టను. పాశ్చాత్య సంగీతం తెలిసిన టీచర్ల కోసం ఇంటర్నేషనల్ స్కూళ్లు వెతుకుతుంటాయి. నొటేషన్ చదవగలిగితే స్టూడియోల్లో కోరస్ పిలుపులు వస్తాయి, అవి నెల జీతంలా రావు. ఇంటర్ సైన్సు చదివి గొంతు మీద ఆసక్తి ఉన్నవాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో స్పీచ్, హియరింగ్ డిగ్రీ వివరాలు కనుక్కోండి. గొంతు అరిగిపోయిన గాయకులు, టీచర్లు వెళ్లేది చివరికి ఆ చదువు చదివినవాళ్ల దగ్గరికే.

డిగ్రీ మొదటి ఏడాదిలో చేరినవాళ్లు కాలేజీ తెరిచిన నెలలోనే కల్చరల్ కోఆర్డినేటర్‌ను కలిసి, యువజనోత్సవాల బృందగానానికి ఎంపిక ఎప్పుడో అడగండి. కాలేజీలో జట్టు లేదంటే మీరే ఆరుగురు పోగై పేర్లు ఇవ్వండి.