రెండో కీపర్‌గా వెళ్తానంటున్న అల్లుడికి

సికింద్రాబాద్

చిరంజీవి అల్లుడికి,

నీ మెసేజ్ చూశాను. ఫిన్లాండ్‌లో కింది డివిజన్ క్లబ్బు, రెండో గోల్‌కీపర్, ఒక్క సీజన్ కాంట్రాక్టు, ఉండటానికి గది. వెళ్లనా వద్దా అని అడిగావు. మీ అమ్మ విడిగా ఫోన్ చేసి "వద్దని చెప్పు అన్నయ్యా" అంది. నేను వెళ్లమనే అంటాను. కానీ జీతం సంగతి తర్వాత. అక్కడ మొదటి కీపర్ ఎవరు, వయసెంత, అతని కాంట్రాక్టు ఇంకెన్నాళ్లుంది? ముందు అవి కనుక్కో. ఫార్వర్డ్‌నైతే ఆఖరి పావుగంటలోనైనా దించుతారు. డిఫెండర్‌ని ఎక్కడో ఒకచోట సర్దుతారు. కీపర్‌కి కుర్చీ ఒక్కటే. అందులో ఉన్నవాడికి దెబ్బ తగలాలి, రెడ్ కార్డు పడాలి, లేదా కోచ్ మనసు మారాలి.

గుర్‌ప్రీత్ సింగ్ సంధు పేరు చెప్పి నన్ను ఒప్పించాలని చూశావు. సరే, అతని సంగతే చూద్దాం. 2014లో ఈస్ట్ బెంగాల్ నుంచి నార్వేలోని స్టాబెక్‌కి వెళ్లాడు. అక్కడ గోల్ ముందు ఐవరీ కోస్ట్ కీపర్ సయూబా మాండే ఉన్నాడు. గుర్‌ప్రీత్‌కి లీగ్ మ్యాచ్ దక్కేసరికి 2016 వేసవి వచ్చింది. ఆ ఏడే యూరోపా లీగ్ క్వాలిఫయింగ్‌లో వేల్స్ క్లబ్బు మీద ఆడాడు. ఆ టోర్నీలో ఆడిన తొలి భారతీయుడు అతనే. 2017లో దేశానికి తిరిగొచ్చి, బెంగళూరు క్లబ్బులో చేరి, ఏళ్ల తరబడి దేశానికి మొదటి కీపర్‌గా నిలిచాడు. అతనికి అంత ఓపిక ఎలా చెల్లిందంటే, వెళ్లేముందే ఇక్కడ పేరుంది, వెనక్కి వస్తే తీసుకునే క్లబ్బులున్నాయి. నీకింకా ఆ వెనకదన్ను లేదు. ఇరవై ఒక్కేళ్లకి నీకు కావలసింది మ్యాచ్‌లు, అవి ఎంత చిన్న మైదానంలోనైనా సరే. అందుకే కాంట్రాక్టులో ఒక మాట రాయించుకో: పై జట్టులో చోటు లేని వారం వాళ్ల రెండో జట్టుకో, ఇంకా కింది డివిజన్ క్లబ్బుకో ఆడనివ్వాలి. నోటిమాటగా ఒప్పుకుంటే సరిపోదు.

దేశదేశాలు తిరిగిన కీపర్లలో నాకు ఆశ్చర్యం కలిగించే మనిషి జర్మనీవాడు, లుట్జ్ ఫానెన్‌స్టీల్. 1973లో బవేరియాలో పుట్టాడు. బయర్న్ మ్యూనిక్ అమెచ్యూర్ జట్టులోకి రమ్మంటే కాదని మలేసియా వెళ్లాడు. తర్వాత ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా, నువ్వు వెళ్తానంటున్న ఫిన్లాండ్, సింగపూర్, న్యూజిలాండ్, కెనడా, అల్బేనియా, అర్మేనియా, పాతిక దాకా క్లబ్బులు. 2008లో బ్రెజిల్‌లో ఆడి, ఫిఫా కింద ఉన్న ఆరు ఖండ సమాఖ్యల్లోనూ ఆడిన తొలి ప్రొఫెషనల్ అయ్యాడు. (న్యూజిలాండ్‌లో పెంగ్విన్‌ని ఇంటికెత్తుకొచ్చి స్నానాల తొట్టిలో పెట్టాడట. ఆ భాగం నువ్వు పాటించనక్కర్లేదు.) అతని తిరుగుడులో ఒక లెక్క ఉంది. ఉత్తరాన చలికాలమైతే దక్షిణాన వేసవి. ఇక్కడ సీజన్ అయిపోగానే అక్కడ మొదలు. కొన్నేళ్లు న్యూజిలాండ్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య అలాగే తిరిగాడు. ఫిన్లాండ్‌లో ఆట వసంతంలో మొదలై శరదృతువుతో ముగుస్తుంది. మిగతా నెలలకి జీతం ఉందా? లేకపోతే ఆ నెలల్లో ఎక్కడ ఆడతావో ఇప్పుడే చూసుకో. ఒక సీజన్‌లో మూడు క్లబ్బులకి మించి రిజిస్టర్ కాకూడదు, మామూలుగా రెండింటికే ఆడనిస్తారు. ఇది ఫిఫా నిబంధన, మరిచిపోకు.

అతని కథలో చేదు కూడా ఉంది. 2001లో సింగపూర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో శిక్షపడి 101 రోజులు జైల్లో గడిపాడు. తను నిర్దోషినని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. అందులో నిజానిజాలు తేల్చడానికి నేనెవరిని? కానీ ఫిక్సర్ల కన్ను ముందు పడేది కీపర్ మీదే, ఎందుకంటే కీపర్ చేతిలోంచి జారిన బంతి గోలే. జీతం ఆగిన నెలలోనే అలాంటివాళ్లు కాఫీకి పిలుస్తారు. "ఈ వారం గెలుస్తారా" అని కొత్త మనిషి అడిగితే వాతావరణం గురించి మాట్లాడి లేచి వచ్చెయ్. ఇంకా నొక్కితే క్లబ్బుకి రాసిపెట్టు, ఆ కాపీ నీ దగ్గరుంచుకో.

జీతం ఆగడం అంటే గుర్తొచ్చింది. రెండు నెలల జీతం ఇవ్వకపోతే, 15 రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసిచ్చి, అప్పటికీ రాకపోతే కాంట్రాక్టు తెంచుకోవచ్చు. అలిగి చెప్పకుండా విమానం ఎక్కితే మాత్రం తప్పు నీదవుతుంది. ట్రయల్‌కి వెళ్లే వీసా వేరు, జీతం తీసుకుని ఆడే పర్మిట్ వేరు. "ముందు వచ్చెయ్, తర్వాత చూద్దాం" అనే ఏజెంటుకి ఫిఫా లైసెన్సు ఉందో లేదో చూడు.

ఇక ఆట. అక్కడ చాలాచోట్ల కృత్రిమ పచ్చికే. మోచేతులూ తుంటీ గీరుకుపోతాయి, గ్లోవ్స్ అరచేతులు ఇట్టే అరిగిపోతాయి. మ్యాచ్ ముందు అరచేతుల లేటెక్స్ కాస్త తడుపు, పొడిగా ఉంటే బంతి అతుక్కోదు. ఆడాక గోరువెచ్చని నీళ్లతో కడిగి నీడలో ఆరేయ్. చలి కదా అని హీటర్ మీద పెట్టావో, లేటెక్స్ బిరుసెక్కి పగుళ్లిస్తుంది. 1992లో బ్యాక్‌పాస్ చేత్తో పట్టకూడదన్న నిబంధన వచ్చాక కీపర్‌కి కాళ్లే సగం పని. యూరప్ కోచ్ ముందు చూసేది అవే. ఇప్పుడైతే బంతిని ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే అవతలివాళ్లకి కార్నర్. నీ ఎడమ కాలు ఇంకా మొద్దుగానే ఉంది. పరేడ్ గ్రౌండ్‌కి పొద్దున్నే రా, నేనూ వస్తాను. "నాది", "వెనక మనిషి", "బయటికి" అనే కేకలు వాళ్ల భాషలో విమానం ఎక్కకముందే నోటికి వచ్చెయ్యాలి. పెనాల్టీ బాక్సులో సందేహం వచ్చిన క్షణంలో డిఫెండర్‌కి ఇంగ్లిష్ చెవికెక్కదు.

రెండో కుర్చీ గురించి ఇంకో మాట. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో సెమీఫైనల్‌కి భారత ఫుట్‌బాల్ జట్టు కీపర్ ప్రద్యుత్ బర్మన్. ఫైనల్ వచ్చేసరికి కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్, పీటర్ తంగరాజ్‌ని దించాడు. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం. తంగరాజ్ గురించి ఇక్కడ అందరూ చెబుతారు. నేను బర్మన్ గురించి కూడా ఆలోచిస్తాను. సెమీస్ గెలిపించి, ఫైనల్ పక్కన కూర్చుని చూశాడు. ఈ వృత్తిలో రెండు కుర్చీల్లోనూ నువ్వు కూర్చుంటావు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు కాంట్రాక్టు ఫోటోలు తీసి పంపు. జీతం ఉన్న పేజీ ఒక్కటే కాదు, అన్నీ. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో ఉన్న పేజీ మరీ ముఖ్యం. ఈలోగా ఎక్కడా సంతకం పెట్టకు.

మీ మామయ్య