పుట్టగొడుగును కాదు, పోగును నాటుదాము



వాన వెలిసిన మరునాటి ఉదయము బుట్ట పట్టుకొని చేలగట్ల వెంట పుట్టగొడుగులకు వెళ్ళిన జ్ఞాపకము మనలో అనేకులకు ఉన్నది. చెన్నై వచ్చి ఎన్ని ఏండ్లయినా ఆ కూర రుచి మరపునకు రాదు. ఆ జ్ఞాపకమే గత వానలలో మనవారి కుటుంబము ఒకదానికి కీడు తెచ్చినది. వారు పని చేయు చోట పచ్చికలో తెల్లని పెద్ద గొడుగులు మొలిచినవి. "మా ఊరివే" అనుకొని వండుకొన్నారు. రెండు మూడు గంటలలో పెద్దలకు, పిల్లలకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. రాత్రంతా ఆసుపత్రిలో గడిపి బయటపడ్డారు. వారిని చూచి వచ్చిన తరువాత ఈ పాఠము వ్రాయుట మా బాధ్యత అనిపించినది. తినవద్దని చెప్పి ఊరుకొనుట సులభమే. కాని నిర్భయముగా తినదగిన దానిని పెరటిలో పెంచుకొను దారి కూడ చూపవలెను కదా!

1. పండు వేరు, మొక్క వేరు

మనము కోయు గొడుగు మామిడిపండు వంటిది. అసలు మొక్క కంటికి కనబడదు. అది సన్నని తెల్లని నూలుపోగుల వలె మట్టిలోనో, కర్రలోనో అల్లుకొని యుండును. తగిన తేమ, చల్లదనము దొరికినప్పుడు ఆ పోగులు గొడుగును పైకి పంపును. కనుక పుట్టగొడుగును వ్యాప్తి చేయదలచినవారు పోగును పట్టుకొనవలెను.

అన్ని పోగులు మన మాట వినవు. మన భాషలో పుట్టగొడుగు అను పేరు పుట్టను బట్టి వచ్చినది. పుట్టమీద మొలచు ఆ రకమును చెదపురుగులు తమ గూటిలో తోటవలె సాకును. చెదలు లేనిదే అది బ్రదుకదు. దానిని తెచ్చి పెరటిలో నాటుట వృథా ప్రయాస. చచ్చిన కర్రను తిని బ్రదుకు రకములు మాత్రము మన చేతికి లొంగును. వాటిలో మనకు అనువైనది చిప్ప పుట్టగొడుగు. చిప్ప ఆకారములో మొద్దులకు ప్రక్కగా మొలచును. ఇక్కడి అంగళ్ళలో సిప్పి కాళాన్ అని అడిగితే ఇస్తారు.

జర్మనీలో ఫాల్క్ అను శాస్త్రజ్ఞుడు 1917లో దీనిని చెట్టు మోడులపై పెంచి చూపెను. మన దేశములో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థవారు 1962లో వరిగడ్డిపై పెంచు పద్ధతిని ప్రకటించిరి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము మన ఎండలకు తగిన రకములను విడుదల చేసినది.

2. పరదేశములో పాత గుర్తులు పనికిరావు

ఊరిలో మన పెద్దలు ఒకే గట్టును ఏండ్ల తరబడి చూచినవారు. అక్కడ వారి గుర్తు చెల్లును. నేల మారితే అదే రూపములో వేరొకటి మొలచును. ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాకు వలస వెళ్ళిన ఆసియావారు తమ దేశపు వరిగడ్డి పుట్టగొడుగు అనుకొని, డెత్ క్యాప్ అను విషపు గొడుగును తిని ప్రాణములు పోగొట్టుకొన్నారు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 2012 ఆరంభములో అదే గొడుగు తిని ఇద్దరు మరణించిరి. వారిలో ఒకరు చైనా నుండి వెళ్ళిన వంటవాడు. ఆహారము ఎరిగిన మనిషికే ఆ పొరపాటు జరిగినది.

వెండి నాణెము నల్లబడకపోతే మంచిదనియు, పురుగు తిన్నది మనమూ తినవచ్చుననియు చెప్పు మాటలు నమ్మరాదు. వండినంత మాత్రమున డెత్ క్యాప్ విషము పోదు.

కనుక మొదటి విత్తనము తెలిసినదై యుండవలెను. నమ్మకమైన చోట కొన్న చిప్ప పుట్టగొడుగు విత్తనము గాని, అంగడిలో కొన్న తాజా చిప్ప పుట్టగొడుగు గాని వాడుదము. రోడ్డు ప్రక్క మోడుమీద మొలచినది ఎంత ముచ్చటగా ఉన్నను, ఆ శాస్త్రము చదివినవారు చూచి చెప్పనిదే ముట్టవద్దు.

3. మొదటి మడి

2016 డిసెంబరు 12న వర్దా తుపాను కొట్టినప్పుడు చెన్నైలో వేలాది చెట్లు కూలినవి. మా ఇంటి మామిడి కొమ్మలును అప్పుడే విరిగినవి. వాటి ముక్కలతోనే మేము ఈ పని నేర్చుకొన్నాము.

(అ) పోగును లేపుట: పుట్టగొడుగు కాడ మొదట తెల్లని నూగుతో ఉన్న భాగమును కోయవలెను. మామూలు అట్టపెట్టెను చించి, కాగిన నీటిలో నానబెట్టి, చల్లార్చి, పిండవలెను. తడి అట్టల పొరల నడుమ ఆ ముక్కలను పరచి, చిన్న రంధ్రములున్న డబ్బాలో నీడన ఉంచవలెను. రెండు మూడు వారములలో అట్టపై తెల్లని పోగులు అల్లుకొనును.

(ఆ) మేత సిద్ధము చేయుట: మామిడి, మునగ, తురాయి వంటి మెత్తని కర్రను బొటనవ్రేలంత ముక్కలుగా చేసి, కొంత వరిగడ్డి కలిపి, ఒక రాత్రి నానబెట్టవలెను. తరువాత పొగలు గ్రక్కు వేడి నీటిలో ఒక గంట ఉంచి చల్లార్చవలెను. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలే రావలెను. ధారగా కారితే ఇంకను ఆరబెట్టవలెను. మేము మొదటిసారి ఇక్కడనే తప్పు చేసి, మడి అంతయు పచ్చని బూజు పట్టగా పారవేసితిమి. టేకు, వేప, గన్నేరు, రంగు వేసిన తలుపు చెక్క, ప్లైవుడ్ వాడరాదు.

(ఇ) మడి వేయుట: నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మన పట్టణములో మంచి అదను. ఎండ తగలని గోడ ప్రక్క జానెడు లోతు గుంట తీసి, ఒక పొర మేత, ఒక పొర పోగు పట్టిన అట్ట వేయుచు నింపి, పైన తడి గోనెపట్టా కప్పవలెను. రోజూ కొద్దిగా నీరు చిలకరించవలెను. నీరు నిలువరాదు.

4. మడి నుండి మడికి

ముక్కలన్నియు తెల్లని పోగుతో ఒకదానికొకటి అతుక్కొన్నప్పుడు మడి పండినట్లు. అప్పుడు రెండు దోసిళ్ళు తీసి, క్రొత్తగా సిద్ధపరచిన మేత ఎనిమిది పది దోసిళ్ళతో కలిపి, వేరొక నీడపట్టున నాటవచ్చును. తీసిన చోట క్రొత్త మేత వేయవలెను. మేత అయిపోతే పోగు చచ్చును. ఎండాకాలము గడుచుటకు కొంత పోగును ఇంటిలో చల్లని మూల తడి అట్టలలో దాచి, అప్పుడప్పుడు క్రొత్త అట్ట అందించుచుండవలెను. ఇరుగుపొరుగుకు ఇచ్చునప్పుడు పుట్టగొడుగుతో పాటు ఒక దోసెడు ఈ ముక్కలను కూడ ఇవ్వండి. కూర ఒక పూటది. పోగు ఏండ్ల తరబడి ఉండును.

5. మరువరాని జాగ్రత్తలు

ఆరుబయట మడిలో పిలువని చుట్టములును మొలచును. కాబట్టి నాటినదేదో దానినే కోయవలెను. చిప్ప ఆకారము, కాడ వరకు దిగిన రేకులు, తెల్లని పొడి, ఈ మూడును చూడవలెను. తెల్లకాగితముపై టోపీని రాత్రంతా బోర్లించితే పొడి రంగు తెలియును. ఆకుపచ్చ, గోధుమ, నలుపు పొడి రాలితే పారవేయుడి. ఈ గుర్తులు మనము నాటిన మడికే గాని, వీధిలో దొరికినదానికి కావు.

కొబ్బరిచెట్టు మొదట గట్టి చెక్కవలె మొలచు గానోడెర్మాను మడికి తేరాదు. అది బ్రదికియున్న చెట్టునే చంపును. తంజావూరు ప్రాంతపు కొబ్బరితోటలను పీడించిన తెగులు అదే.

మడిని పడకగదిలో పెట్టరాదు. ఆ పొడి దగ్గు తెప్పించును. కూరను బాగుగా ఉడికించవలెను.

ఎవరికైన తిన్న తరువాత వాంతులైతే, మిగిలిన ముక్కను వెంట తీసుకొని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళవలెను. డెత్ క్యాప్ వంటివి ఆరు గంటలు దాటిన తరువాత బాధ చూపి, ఒక దినము తగ్గినట్లే యుండి, పిమ్మట కాలేయమును చెరుపును. తగ్గినదని ఇంటికి రాకూడదు.

ఇంటివారితో చర్చించుటకు ప్రశ్నలు

1. పుట్టమీది పుట్టగొడుగును పెరటిలో ఎందుకు పెంచలేము?
2. ఊరిలో చెల్లిన గుర్తు ఇక్కడ ఎందుకు చెల్లదు?
3. మేతలో తేమ సరిపోయినదని ఎట్లు తెలిసికొందుము?
4. మన వాడలో క్రొత్తగా వచ్చిన కుటుంబములలో ఈ సంగతి ఎవరికి చెప్పవలసియున్నది? ఈ వానలు మొదలగుటకు ముందే చెప్పి రండి.