మద్యన్ బావి దగ్గర దుఆ
హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు నుంచి ప్రాణభయంతో బయలుదేరి మద్యన్ చేరారు. ఇల్లు లేదు, ఉపాధి లేదు, ఎరిగినవారు లేరు. బావి దగ్గర కాపరుల రద్దీ వల్ల ఇద్దరు స్త్రీలు తమ పశువులను ఆపుకొని దూరంగా నిలబడి ఉన్నారు. ఆయన ముందు ఆ పశువులకు నీళ్ళు పెట్టారు. ఆ తర్వాతే నీడకు వెళ్ళి, ప్రభువు ఏ మేలు దించినా తనకు దాని అవసరం ఉందని విన్నవించుకున్నారు (ఖసస్ సూరా, 24వ ఆయతు).

గమనించండి, ఫలానాదే కావాలని ఆయన అడగలేదు. మనమైతే దుఆలో అల్లాహ్‌కు ఉద్యోగం పేరు, జీతంతో సహా చెబుతాం! అడగడం తప్పు కాదు. అది దొరక్కపోతే నమాజే మానేసేవారిని ఏమనాలి?

కాసేపటికే ఆ స్త్రీలలో ఒకామె వచ్చి, తండ్రి పిలుస్తున్నారని చెప్పింది. ఆశ్రయం, పని, వివాహం అన్నీ ఆ ఇంటనే లభించాయి. తిరుగు ప్రయాణానికి మాత్రం ఎనిమిదేళ్ళకు పైగా ఆగవలసివచ్చింది.